ఈ వాక్యం ఎవరిది? ప్రవర్తనావాద చరిత్ర రాస్తూ ఆగిపోయిన ఒక బృందం కేసు

నేను హన్మకొండలో కౌన్సెలింగ్ సైకాలజిస్టుని. చాలా ఏళ్లుగా టీచర్లకు శిక్షణ తరగతులు కూడా చెబుతున్నాను. ఇక్కడ రాస్తున్న కేసు ఒక మనిషిది కాదు, ఒక బృందానిది. మనసు లోపలిదాన్ని కాక, బయటికి కనిపించే ప్రవర్తనను, అది ఎలా నేర్చుకుంటామో చూసే సైకాలజీ సంప్రదాయం ప్రవర్తనావాదం. ఏడుగురు కలిసి దాని చరిత్రను తెలుగులో రాయాలనుకున్నారు. నాలుగు నెలలు బాగానే సాగి, తర్వాత మాటలు కూడా ఆగిపోయే దాకా వచ్చింది. నన్ను పిలిచింది అప్పుడే. వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. ఊళ్లు, ఉద్యోగాలు, ఇంటి వివరాలు కొన్ని మార్చాను. ఎక్కడ తప్పటడుగు పడింది, ఎలా సర్దుకుంది అన్నది మాత్రం ఉన్నదున్నట్టే రాశాను. అందులో నా తప్పు కూడా ఉంది.

నేపథ్యం

హన్మకొండలో టెట్, డీఎస్సీకి చదివిన ఎవరినైనా అడగండి, ఈ వరస నిద్రలో లేపినా చెబుతారు: పావ్‌లోవ్ అంటే కుక్క, థార్న్‌డైక్ అంటే పిల్లి, స్కిన్నర్ అంటే ఎలుక. పరీక్షలో ఒక మార్కు వస్తుంది, కాబట్టి అది చెడ్డదేమీ కాదు. కానీ చాలామందికి ఒక ఆలోచనా సంప్రదాయం గురించి జీవితాంతం మిగిలేది ఆ మూడు జంతువులే. ఒక బీఎడ్ కాలేజీ లెక్చరర్‌కు ఇది బాధ కలిగించింది. మనుషులు, వాళ్ల తగువులు, పొరపాట్లు, ఆ ఆలోచన మన తరగతి గది దాకా వచ్చిన దారి, ఇవన్నీ ఉన్న పుస్తకం తెలుగులో ఉండాలని ఆవిడ అనుకున్నారు.

ఆవిడతో కలిసింది ఆరుగురు. టెట్ కోచింగ్ చెప్పే ఒక సార్, ములుగు వైపు పనిచేసే ఒక ప్రభుత్వ టీచర్, రిటైరైన హిస్టరీ లెక్చరర్, సైకాలజీ పీజీ చదువుతున్న ఒక అమ్మాయి, చాలా ఏళ్ల అనుభవమున్న ఒక స్పెషల్ ఎడ్యుకేటర్, ఆటిజం ఉన్న బాబు తల్లి. ఆ తల్లిని అందరూ అక్క అనే పిలుస్తారు, నేనూ ఇక్కడ అలాగే అంటాను. ఆదివారాలు ఒక స్కూలు గదిలో కూర్చునేవారు. మిగతా రోజుల్లో గూగుల్ డాక్‌లో రాసుకునేవారు.

నా దగ్గరికి వచ్చిన సమస్య

లెక్చరర్ మేడమ్ ఫోన్‌లో చెప్పింది ఒక్కటే: "ఇద్దరు మాట్లాడుకోవట్లేదు. మీరు కౌన్సెలింగ్ చేస్తారు కదా, కొంచెం కలపండి."

ఆ ఇద్దరు స్పెషల్ ఎడ్యుకేటర్, అక్క. ప్రవర్తనా చికిత్స అధ్యాయం మొదట రాసింది స్పెషల్ ఎడ్యుకేటర్. ఆటిజం ఉన్న చిన్నపిల్లలకు వారానికి నలభై గంటల శిక్షణ ఇచ్చిన అమెరికా సైకాలజిస్టు ఐవార్ లోవాస్ 1987 అధ్యయనాన్ని ఆమె గొప్ప విజయంగా రాశారు. ఒక రాత్రి అక్క ఆ పేజీలోకి వెళ్లి, అదే లోవాస్ బృందం 1965లో ఆటిజం ఉన్న పిల్లల మీద విద్యుత్ షాక్ వాడిన సంగతి చేర్చింది. పొద్దున్నే అది చెరిగిపోయింది. మళ్లీ చేరింది, మళ్లీ చెరిగింది. ఆ గొడవ చూడలేక హిస్టరీ సార్ రావడం మానేశారు.

ఇక్కడ నేను చేసిన పొరపాటు చెప్పాలి. కలపమన్నారు కాబట్టి కలపడానికే రెండు వారాలు పోగొట్టాను. ఇద్దరితో విడివిడిగా కూర్చున్నాను. స్పెషల్ ఎడ్యుకేటర్ అన్నారు: "నేను ఏ పిల్లగాణ్ణీ కొట్టలే సార్. చప్పట్లు కొట్టి, చేతిల రెండు మరమరాలు పెట్టి, చెంచా పట్టుడు నేర్పిన. ఆ తల్లులు ఏడ్చుకుంట నా చెయ్యి పట్టుకున్నరు. గిప్పుడు నన్ను షాక్ ఇచ్చినోళ్లతోని కలిపి రాస్తరా?" అక్క అన్నది: "మావోడు చేతులు ఊపితె ఊపనియ్యకపోయేటోళ్లు. గది వాడికి ఊరట అని నాకు ఎన్నేండ్లకో తెల్సింది. అప్పటిదాంక నేను గూడ పట్టి ఆపిన."

ఇద్దరి మాటలోనూ అబద్ధం లేదు. ఇద్దరినీ కూర్చోబెట్టి చాయ్ తాగించాను. మర్యాదగానే మాట్లాడుకున్నారు. మరుసటి ఆదివారానికి ఆ పేజీ మళ్లీ మారింది. గొడవ మనుషుల మధ్య ఉందని నేననుకున్నాను. అది రాతలో ఉంది. ఇద్దరి నిజాలూ పట్టే చోటు ఆ అధ్యాయంలో లేదు. ఎంత సఖ్యత కుదిర్చినా ఒకరి వాక్యం ఉండాలంటే ఇంకొకరిది పోవాల్సిందే.

అప్పుడు మొత్తం ప్రింటు తీయించి పెన్సిల్‌తో చదివాను. కాగితం మీద తేలింది వేరే జబ్బు.

అమెరికా సైకాలజిస్టులు వాట్సన్, రేనర్ 1920లో ప్రచురించిన చిన్నారి ఆల్బర్ట్ ప్రయోగం (ఒక పసివాడికి తెల్ల ఎలుకంటే భయం నేర్పినది) గురించి, ఆ పిల్లవాడికి తర్వాత వాట్సన్ భయం పోగొట్టాడని రాసి ఉంది. అది జరగలేదు. పరీక్షలు ముగిసిన రోజే ఆల్బర్ట్‌ను ఆసుపత్రి నుంచి తీసుకెళ్లిపోయారు, భయం పోగొట్టే పని చేయనే లేదు. వేరే పిల్లవాడికి, పీటర్‌కు, కుందేలు భయం పోగొట్టింది మేరీ కవర్ జోన్స్, 1924లో. వాట్సన్ ఆమెకు సలహాలిచ్చాడు, అంతే. పాఠ్యపుస్తకాలు ఆల్బర్ట్ కథను దశాబ్దాలుగా ఎలా వంకర చేశాయో బెన్ హారిస్ 1979లోనే ఒక వ్యాసంగా రాశాడు. మన బృందం ఆ వంకరలను తెలుగులోకి తెచ్చుకుంది.

పన్నెండు మంది ఆరోగ్యవంతులైన పసిపిల్లల్ని నాకివ్వండి, డాక్టర్ కావాలన్నా దొంగ కావాలన్నా తయారుచేస్తానని వాట్సన్ అన్న మాట కూడా ఉంది. దాని వెంటనే అతను, నా దగ్గరున్న ఆధారాలను దాటి మాట్లాడుతున్నానని ఒప్పుకుంటూ, ఇన్నాళ్లూ వారసత్వమే ముఖ్యమనే అవతలి పక్షమూ అదే చేసిందన్నాడు. మన దగ్గర ఆ రెండో భాగం లేదు. ఒక ఇబ్బందిని తీసేసి ప్రవర్తనను పెంచడాన్ని రుణాత్మక పునర్బలనం అంటారు; దానికి అర్థంగా శిక్ష అని తప్పుగా ఉంది.

తర్వాతి ఆదివారం ప్రతి తప్పు దగ్గరా ఒకటే ప్రశ్న అడిగాను: "ఇది మీరు ఎక్కడ చూశారు?" గైడులో, వీడియోలో, మా సార్ చెప్పిండు. అసలు వ్యాసాన్ని కళ్లతో చూసినవాళ్లు ఆ గదిలో ఒక్కరూ లేరు. నేనూ అంతే. ఆల్బర్ట్ కథ ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో లెక్కలేదు, మూల వ్యాసం తెరిచింది ఆ వారమే.

అప్పటిదాకా చేసి చూసినవి

నేను రాకముందు వాళ్లు అధ్యాయాలు పంచుకున్నారు. ఎవరికి తెలిసింది వాళ్లు రాస్తారన్నది సబబైన ఆలోచనే. ఫలితంగా రెండో అధ్యాయంలో స్కిన్నర్ మహానుభావుడు, ఐదో అధ్యాయంలో కసాయి. చదివేవాడికి ఇద్దరు వేర్వేరు స్కిన్నర్లు ఉన్నారేమో అనిపిస్తుంది.

తర్వాత కోచింగ్ సార్‌ను ఎడిటర్‌గా పెట్టుకున్నారు. ఆయన భాష శుభ్రం, చేయి వేగం. అయితే గొడవ ఉన్న ప్రతిచోటా ఆయన "కొందరు సమర్థించారు, మరికొందరు విమర్శించారు" అని రాసి ముందుకు వెళ్లిపోయారు. ఆ వాక్యం ఎవరినీ నొప్పించదు. ఎవరు సమర్థించారు, ఏ ఏడు, ఏం చూసి అనేది మాత్రం చెప్పదు. చరిత్ర రాతలో నేను ఎక్కువ భయపడేది ఆ వాక్యానికే.

మూడోది ఓటు. తేలని విషయాల్ని ఆదివారం చేతులెత్తి తేల్చుకునేవారు. స్కిన్నర్ తన కూతుర్ని ప్రయోగాల పెట్టెలో పెంచాడు, ఆమె పెద్దయ్యాక ఆత్మహత్య చేసుకుంది అన్న మాట అలా ఐదు చేతులతో పుస్తకంలోకి వచ్చింది. పీజీ అమ్మాయి ఎత్తలేదు, అక్క ఎత్తలేదు. నేను వెళ్లిన మూడో వారం ఆ అమ్మాయి ఒక ప్రింటు తెచ్చి బల్ల మీద పెట్టింది. 2004లో ది గార్డియన్ పత్రికలో డెబోరా స్కిన్నర్ స్వయంగా రాసిన వ్యాసం. ఆమె బతికే ఉన్నారు, చిత్రకారిణి, తండ్రి మీద ప్రేమతో మాట్లాడారు. ఆ పెట్టె, స్కిన్నర్ 1945లో ఒక మహిళల పత్రికలో వివరించిన తొట్టి. లోపల వెచ్చగా ఉంటుంది, ముందు గాజు పలక ఉంటుంది, బట్టల మూటలు కట్టకుండా పాప హాయిగా కదలడానికి చేసింది. ఎలుకల పెట్టెకూ దానికీ సంబంధం లేదు.

ఆ గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. బతికున్న మనిషిని ఐదు చేతులతో చంపేశామని ములుగు టీచర్ మెల్లగా అన్నాడు. ఆ మాట ఆ రోజంతా అందరినీ వెంటాడింది.

మలుపు

ఆ సంగతి ఫోన్‌లో చెబితే హిస్టరీ సార్ మళ్లీ వచ్చారు. ఆయన సైకాలజీ గురించి ఏమీ మాట్లాడలేదు. ఓరుగల్లు కథ చెప్పారు. 1323లో కోట పడింది. ప్రతాపరుద్రుణ్ణి పట్టుకొని ఢిల్లీకి తీసుకెళ్తుంటే దారిలో పోయాడు. విలస తామ్రశాసనం సోమోద్భవ, అంటే నర్మద, ఒడ్డున మరణించాడంటుంది. నూరేళ్ల తర్వాత, 1423లో, రెడ్డి రాణి అనితల్లి వేయించిన కలువచేరు శాసనం, తన ఇచ్ఛతోనే దేవలోకానికి వెళ్లాడంటుంది.

"మరి మేం ఏది రాస్తం?" అని సార్ అడిగి, తనే చెప్పారు. "రెండూ రాస్తం. ఫలానా శాసనం, ఫలానా ఏడు, ఇట్ల అంటుంది. రెండిటి నడుమ సగం దారిల కొత్త చావు ఒకటి కల్పించం. ఓటు అసలే పెట్టం."

వరంగల్‌లో పెరిగినవాళ్లకు ఆ కథ కొత్త కాదు. కానీ అది తమ పనికి వర్తిస్తుందని ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఆ రోజే రెండు నిర్ణయాలు తీసుకున్నాం.

పనిచేసింది

మొదటిది కార్డు. పోస్టుకార్డంత అట్టముక్క, ఒక వాక్యానికి ఒకటి. మధ్యలో వాక్యం. కింద ఎడమవైపు ఆ మాట ఎవరిది, ఏ ఏడు. కుడివైపు మనలో మూలాన్ని చూసినవాళ్ల సంతకం. చూడకపోతే సంతకం స్థానంలో "విన్నది" అని రాసి, ఎవరి ద్వారా విన్నారో రాయాలి. "విన్నది" అని ఉంటే వాక్యాన్ని కొట్టేయం, కానీ పుస్తకంలోకి వదలం. డాక్ పక్కన పెట్టి చేతిరాతకు దిగడానికి కారణం ఉంది. డాక్‌లో ఒకరు కొట్టింది ఇంకొకరు రాత్రికి రాత్రి చెరపొచ్చు. కార్డు చింపాలంటే అందరి ముందు చింపాలి.

ప్రవర్తనావాదానికి నాంది పలికిన వాట్సన్ 1913 వ్యాసం, 1920 ఆల్బర్ట్ వ్యాసం, 1924 పీటర్ వ్యాసం, ఇవన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లిష్ కష్టమైనవాళ్ల పక్కన పీజీ అమ్మాయి కూర్చుని పేరా పేరా చదివి వినిపించింది. ఆల్బర్ట్ వ్యాసం చదివిన ఆదివారం ములుగు టీచర్ ఒక చోట ఆపమన్నాడు. పదకొండు నెలల పిల్లవాడు తెల్ల ఎలుక వైపు చేయి చాస్తుంటే వెనక ఉక్కు కడ్డీ మీద సుత్తితో కొడతారు. పిల్లవాడు ఉలిక్కిపడి ముందుకు తూలి పరుపులో ముఖం దాచుకుంటాడు. గైడులో ఇది "ఎలుక + పెద్ద శబ్దం = భయం" అని ఒక్క లైను. ఆ టీచర్‌కు ఇంట్లో ఏడాది పాప ఉంది. తను రాసిన ఆల్బర్ట్ పేజీని తనే చింపి, మళ్లీ మొదటి నుంచి రాశాడు.

కార్డు రెండో వైపు కూడా కోస్తుందని త్వరలోనే తెలిసింది. పీజీ అమ్మాయి ఉత్సాహంగా "పావ్‌లోవ్ అసలు గంటే వాడలేదు" అని కార్డు రాసింది. గంట మోగిస్తే కుక్కకు లాలాజలం ఊరేలా నేర్పాడన్నది గైడుల్లో ఉండే కథ. దాన్ని కాదనే ఈ మాట ఈ మధ్య బాగా తిరుగుతోంది. మూలం అడిగితే తనూ వీడియోనే చూపించింది. పావ్‌లోవ్ ఉపన్యాసాల ఇంగ్లిష్ అనువాదం తెరిస్తే మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని తాళం వేసే యంత్రం), బజర్, దీపాలు, చర్మం మీద స్పర్శ ఎక్కువగా కనిపించాయి. అక్కడక్కడ గంట కూడా ఉంది. పాత అబద్ధాన్ని సరిదిద్దే మాట వినడానికి ఎంత తియ్యగా ఉన్నా దానికీ సంతకం కావాలి. ఆ కార్డును ఆ అమ్మాయి చింపలేదు, గోడకు అంటించుకుంది.

ఇదే వెతుకులాటలో మాకొక మంచి సంగతి దొరికింది. పావ్‌లోవ్ రష్యన్‌లో వాడిన ఉస్లోవ్నీ అనే మాటకు అర్థం షరతు మీద ఆధారపడేది అని. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి అది కండిషన్డ్ అయింది, అంటే అలవాటు చేయబడినది. ఒకరు ఇంకొకరికి ఏదో చేసినట్టు ధ్వని వచ్చింది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఉన్నది నిబంధనం. నిబంధన అంటే మనకు షరతే కదా! ఇంగ్లిష్ నుంచి తెచ్చుకున్నా మన మాట రష్యన్ మాటకే దగ్గరగా నిలబడింది. ఇన్నేళ్లు బట్టీ పట్టించిన మాటలో ఇంత అర్థం ఉందా అని కోచింగ్ సార్ ఆ పదాన్ని మూడు నాలుగుసార్లు పలికి చూసుకున్నారు. పదకోశం బాధ్యత ఆ రోజే ఆయన అడిగి తీసుకున్నారు.

రుణాత్మక పునర్బలనం కార్డు కూడా ఆయనే తిరగరాశారు. కారులో సీటు బెల్టు పెట్టుకునేదాకా బీప్ మోగుతుంది, పెట్టుకోగానే ఆగుతుంది. ఆ ఇబ్బంది పోతుందని పెట్టుకోవడం అలవాటవుతుంది. అంటే ప్రవర్తన పెరిగింది. శిక్ష పెట్టేది ప్రవర్తన తగ్గించడానికి. ఇది మాటల పట్టింపు కాదు. విద్యాహక్కు చట్టం 2009 సెక్షన్ 17 పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. అయినా బెత్తం పట్టుకుని "ఇది స్కిన్నర్ చెప్పిందే" అనే టీచర్లను నేను చూశాను. స్కిన్నర్ జీవితాంతం శిక్షకు వ్యతిరేకంగా వాదించాడు.

రెండో నిర్ణయం జంటలు. దీనికి నేను చాలా తటపటాయించాను. ఒక విషయంలో గట్టిగా ఎదురెదురు ఉన్న ఇద్దరినీ ఒకే అధ్యాయానికి వేయడం, పైగా ఎవరికి ఏది నచ్చదో దాన్ని వాళ్లతోనే రాయించడం. గాయం ఉన్న మనిషి చేత అవతలివాళ్ల వాదన రాయించడం క్రూరం అవుతుందేమోనని భయం. అందుకే అక్కను ముందు విడిగా అడిగాను. వద్దంటే అక్కడితో వదిలేద్దామని చెప్పాను. ఆమె రెండు రోజులు తీసుకుని ఒప్పుకుంది. "ఆ తల్లులు ఎందుకు నమ్మిన్రో నాకంటె బాగ ఎవరు రాస్తరు? నేను గూడ నమ్మిన్నాయె" అన్నది.

1987 అధ్యయనం ఎందుకంత ఆశ పుట్టించిందో అక్క రాసింది. పంతొమ్మిది మంది పిల్లల్లో తొమ్మిది మంది తెలివితేటల పరీక్షల్లో మామూలు స్థాయికి వచ్చి, మామూలు తరగతుల్లో చేరారన్న ఫలితం. ఏమీ చేయలేమని డాక్టర్లు అంటున్న కాలంలో, ఆ అంకె ఒక ఇంట్లో ఏం చేస్తుందో. స్పెషల్ ఎడ్యుకేటర్ 1965 షాక్ ప్రయోగాల గురించి రాశారు. పిల్లల్ని రెండు గుంపులుగా చేసినప్పుడు లాటరీ పద్ధతిలో పంచలేదన్న విమర్శ, పెద్దయిన ఆటిస్టిక్ వ్యక్తులు ఈ శిక్షణల గురించి చెబుతున్న బాధ, ఇవి కూడా ఆమే రాశారు. ఒకరి కార్డు మీద ఇంకొకరు సంతకం పెడితేనే అది పుస్తకంలోకి వెళ్లేది. స్పెషల్ ఎడ్యుకేటర్ షాక్ పేజీ పైకి చదువుతూ మధ్యలో ఆగిపోయారు. అక్క ఆ కాగితం అందుకుని మిగతాది చదివింది.

వాళ్లిద్దరూ స్నేహితులయ్యారని చెప్పలేను. నాకు తెలిసి ఫోన్ చేసుకోరు. కానీ అప్పటి నుంచి ఒకరి వాక్యాన్ని ఇంకొకరు చెరపలేదు.

మేం అనుకోనిది ఒకటి ఈ జంట వల్లనే వచ్చింది. ఒక ఆదివారం స్పెషల్ ఎడ్యుకేటర్ తన శిక్షణ కాలపు పుస్తకం తెచ్చారు. అట్టకు టేపు వేసి ఉంది, అంచులన్నీ నలిగి ఉన్నాయి. 1984లో సికింద్రాబాద్‌లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థలో రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ 1992లో రూపొందించిన బేసిక్-ఎంఆర్ అది, మానసిక వైకల్యం ఉన్న పిల్లల ప్రవర్తనను అంచనా వేసే కొలమానం. అంతవరకూ మా చరిత్ర అమెరికా, రష్యాల్లోనే తిరుగుతోంది. ఆ నలిగిన పుస్తకం చూశాక, ప్రవర్తనావాదం సికింద్రాబాద్ మీదుగా ఇక్కడి పిల్లల దాకా వచ్చిందని కళ్లకు కట్టింది. చివరి అధ్యాయం దానితో మొదలవుతుంది. నాకు ఈ పుస్తకంలో అన్నిటికంటే ఇష్టమైన అధ్యాయం అదే.

నేను నేర్చుకున్నవి

బృందం గొడవ పడుతోందంటే ఇప్పుడు ముందు మనుషుల్ని పిలవను, రాత తెప్పించుకుంటాను. ఈ సంప్రదాయం మంచిదా, చెడ్డదా అన్న తగువు కింద తరచుగా ఎవరూ చూడని వాస్తవాలు ఉంటాయి. ముందు వాటికి చిరునామా దొరకాలి. దొరికాక కూడా తగువు మిగిలితే అది నిజమైన తగువు, దాన్ని పేర్లతో, ఏళ్లతో రాయొచ్చు.

ఎదురెదురు జంటలు అన్నిచోట్లా పనిచేస్తాయని అనను. లెక్చరర్ మేడమ్, కోచింగ్ సార్‌ల జంట పొసగలేదు. వాళ్ల మధ్య ఉన్నది అభిప్రాయ భేదం కాదు, పాత పేచీ. రెండు వారాలకే విడదీశాం. అక్క కాదని ఉంటే ఆ అధ్యాయాన్ని నేను ఆ పద్ధతిలో రాయించేవాణ్ణి కాదు.

ఈ పద్ధతికి ఖర్చు కూడా ఉంది. పని బాగా నెమ్మదించింది. గంట వాక్యం ఒక్కదానికే మూడు ఆదివారాలు పట్టాయి. జాతర వారాల్లో ములుగు టీచర్ రాలేకపోతే అతని కార్డులు కదల్లేదు. పరీక్షలకు ముందే పుస్తకం వస్తుందని ఎదురుచూసిన విద్యార్థులకు సమాధానం చెప్పలేకపోయాం.

ఇప్పుడు ఎక్కడుంది

ఐదు అధ్యాయాలు పూర్తయ్యాయి. స్కిన్నర్ భాషా సిద్ధాంతం మీద 1959లో భాషాశాస్త్రవేత్త చామ్‌స్కీ రాసిన సమీక్షతో ప్రవర్తనావాదం ముగిసిపోయిందన్న కార్డు ఇంకా "విన్నది" కిందే ఉంది. ఎందుకంటే 1968లో అనువర్తిత ప్రవర్తనా విశ్లేషణకు, అంటే ప్రవర్తనావాదాన్ని బడిలో, చికిత్సలో వాడే శాఖకు, సొంత పత్రికే మొదలైంది. ముగిసినదానికి తొమ్మిదేళ్ల తర్వాత పత్రిక ఎలా పుట్టింది? పీజీ అమ్మాయి, హిస్టరీ సార్ ఇప్పుడు ఆ కార్డు మీదే ఉన్నారు.

పోయిన నెల అక్క ఒక కార్డు పట్టుకుని వచ్చింది. బాబు చేతులు ఊపడం గురించి, తను పట్టి ఆపిన రోజుల గురించి, మానుకున్నాక వాడు ఎలా ఉన్నాడన్న దాని గురించి నాలుగు లైన్లు రాసింది. "ఏ పుస్తకంల లేదు సార్ ఇది. విన్నదాని కింద వెయ్యాల్నా?" అని హిస్టరీ సార్‌ను అడిగింది.

"నువ్వు చూసినవ్ గదా బిడ్డా" అని ఆయన పెన్ను ఆమె చేతికిచ్చి, కుడివైపు సంతకం చోటు చూపించారు.